పొట్టి స్టాపర్, మాట్లాడని కెప్టెన్: బరేసి కథ మీ అబ్బాయికి ఎంతవరకు పనికొస్తుంది?

నమస్తే అమ్మా. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అబ్బాయికి పదమూడేళ్లు. స్కూలు ఫుట్‌బాల్ జట్టులో స్టాపర్‌గా (డిఫెన్స్ మధ్యలో ఉండేవాడు, సెంటర్ బ్యాక్ అన్నా అదే) ఆడతాడు, కెప్టెన్ కూడా వాడే. జట్టులో అందరికంటే పొట్టి, గ్రౌండ్‌లో గొంతు పెద్దగా లేవదు. కొత్తగా చేర్చిన అకాడమీలో కోచ్ గారు "ఈ ఎత్తుతో సెంటర్ బ్యాక్ కుదరదు, వింగ్‌లో ఆడిస్తాం" అన్నారు. (వింగ్ అంటే మైదానం పక్క అంచు.) మీవారు ఒకప్పటి ఇటలీ స్టాపర్ బరేసి పేరెత్తితే "అందరూ బరేసిలు కాలేరు కదండీ" అని నవ్వేశారు. ఇంతకీ ఆ బరేసి ఎవరు, ఆయన సంగతి మీవాడికి వర్తిస్తుందా, పొజిషన్ మార్చాలా వద్దా, కెప్టెన్సీ వాడికి బరువవుతుందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: ఎత్తు ఒక్కటే కారణమైతే ఇప్పుడే మార్చొద్దు. మాట్లాడడు అన్నది కారణమైతే కెప్టెన్సీ అసలే తీయొద్దు. అయితే పదహారు, పదిహేడేళ్లకి కూడా ఎత్తు పెరగకపోతే దారి సన్నబడుతుంది, అది కూడా ఇప్పుడే తెలిసి ఉండటం మంచిది. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

నేను ఒక డిపార్ట్‌మెంట్ జట్టుకి చాలా ఏళ్లు స్టాపర్‌గా ఆడాను, ఇప్పుడు సికింద్రాబాద్‌లో పిల్లలకి నేర్పుతున్నాను. నా ఎత్తు ఐదడుగుల పదకొండు, కాబట్టి పొట్టివాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నానని అనుకోకండి.

ముందు మీ కోచ్ గారి వైపు నుంచి చూద్దాం. ఆయన మాటలో నిజం లేకపోలేదు. మన దగ్గర స్కూలు మ్యాచ్‌లు జరిగేవి చాలావరకు గట్టి నేల మీద, గుంతల గ్రౌండ్‌ల మీద. బంతి కింద సరిగ్గా దొర్లదు, అందుకని పిల్లలు గాల్లోకి లేపి కొడతారు. గోల్‌కిక్ కీపర్ కొట్టినా, స్టాపర్ కొట్టినా బంతి మధ్యలో ఎవరో ఒకరి తలమీదికే వస్తుంది. అలాంటి ఆటలో పొడుగువాడు సగం పని నిలబడే చేసేస్తాడు. ఈ ఆదివారం టోర్నమెంట్ గెలవాలంటే కోచ్ పొడుగువాడినే పెడతాడు. మీవాడు ఇరవయ్యో ఏట ఎలాంటి ఆటగాడవుతాడు అన్నది వేరే లెక్క.

ఇక బరేసి.

ఫ్రాంకో బరేసి 1960 మే 8న ఇటలీ ఉత్తరాన బ్రెషా దగ్గర ట్రవల్యాతో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. టీనేజ్ దాటకముందే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అన్న జుసెప్పె రెండేళ్లు పెద్ద, అతన్ని ఇంటర్ మిలాన్ వాళ్లు తీసుకున్నారు. తమ్ముణ్ణి అదే క్లబ్ ట్రయల్‌లో చూసి, బక్కగా పొట్టిగా ఉన్నాడని పంపేసింది. అదే నగరంలో ఎదుటి క్లబ్ ఏసీ మిలాన్ 1974లో తీసుకుంది. తర్వాత అన్న ఇంటర్‌కి, తమ్ముడు మిలాన్‌కి కెప్టెన్లయ్యారు. మిలాన్ వాళ్లు తమ్ముడికి పెట్టిన ముద్దుపేరు 'పిషినిన్', వాళ్ల యాసలో బుడ్డోడని. పెద్దయ్యాక కూడా ఎత్తు 176 సెంటీమీటర్లే, అంటే ఐదడుగుల తొమ్మిదంగుళాలు.

1978 ఏప్రిల్‌లో, పద్ధెనిమిదేళ్లు నిండకముందే, వెరోనా మీద సీనియర్ జట్టులో మొదటి మ్యాచ్ ఆడాడు. మరుసటి సీజన్‌లోనే జట్టుకి శాశ్వత లిబెరో అయ్యాడు, మిలాన్ పదో లీగ్ టైటిల్ గెలిచింది. (లిబెరో అంటే ఎవరినీ మార్క్ చేయకుండా అందరి వెనకా ఉండి, తప్పిపోయిన బంతుల్ని ఏరుకునేవాడు. మన పాత ఆటగాళ్లు స్వీపర్ బ్యాక్ అనేవాళ్లు.) పంతొమ్మిదేళ్లకే అన్నీ దక్కాయనుకునేలోపు 1980లో బెట్టింగ్ కుంభకోణంలో మిలాన్‌ని రెండో డివిజన్‌కి దించేశారు. తిరిగొచ్చారు. 1982లో ఈసారి ఆట బాగోలేక మళ్లీ పడిపోయారు. ఆ సీజన్‌లో బరేసి రక్త సంబంధమైన జబ్బుతో కొన్ని నెలలు ఆటకి దూరంగా ఉన్నాడు కూడా. అదే వేసవిలో స్పెయిన్‌లో ఇటలీ ప్రపంచ కప్ గెలిచింది. బరేసి ఆ జట్టులో ఉన్నాడు, కానీ ఒక్క నిమిషం కూడా ఆడలేదు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. వయసు ఇరవై రెండు, మెడలో ప్రపంచ కప్ పతకం, సొంత క్లబ్ రెండో డివిజన్‌లో. అలాంటి కుర్రాడు వెళ్లిపోతానంటే తీసుకునే క్లబ్‌లకి కొదవుండదు. అతను ఉండిపోయాడు, జట్టు అతన్నే కెప్టెన్ చేసింది. 1982 నుంచి 1997లో రిటైరయ్యేదాకా, పదిహేనేళ్లు, కెప్టెన్ పట్టీ అతని చేతికే ఉంది.

టైటిల్స్ జాబితా గబగబా చెప్పేస్తాను: ఆరు లీగ్‌లు, యూరప్ క్లబ్‌ల పెద్ద పోటీ అయిన యూరోపియన్ కప్‌లు మూడు (1989, 1990, 1994), మిలాన్‌కి మొత్తం 719 మ్యాచ్‌లు. 1989లో యూరప్ ఉత్తమ ఆటగాడి ఓటింగ్‌లో తన జట్టు ఫార్వర్డ్ వాన్ బాస్టెన్ తర్వాత రెండో స్థానం, ఒక డిఫెండర్‌కి. రిటైరయ్యాక ఆరో నంబర్ చొక్కా మిలాన్ ఇంకెవరికీ ఇవ్వలేదు.

మీకు కావలసింది ఈ జాబితా కాదు, 176 సెంటీమీటర్ల మనిషి ఇదంతా ఎలా చేశాడన్నది. పాత మ్యాచ్‌లు దొరికితే మీవాడితో కలిసి చూడండి. బంతిని చూడకుండా ఆరో నంబర్ చొక్కానే చూడమనండి.

1987లో అరిగో సాకి మిలాన్ కోచ్‌గా వచ్చాడు. అప్పటిదాకా ఇటలీలో పద్ధతి ఒకటే: ఒక్కో డిఫెండర్ ఒక్కో ఫార్వర్డ్‌ని వదలకుండా పట్టుకుంటాడు, వెనక లిబెరో. సాకి అది తీసేశాడు. నలుగురు డిఫెండర్లు ఒక్క వరసలో, మనిషిని కాదు, జాగాని కాపాడాలి. ముందున్న ఫార్వర్డ్‌కీ చివరి డిఫెండర్‌కీ మధ్య పాతిక మీటర్లకి మించి దూరం ఉండకూడదన్నాడు. అంటే డిఫెన్స్ లైను గోల్ దగ్గర కూర్చోకుండా, సెంటర్ లైను దాకా కూడా ఎక్కి రావాలి. వెనకంతా ఖాళీ. నలుగురిలో ఒక్కడు ఒక్క అడుగు ఆలస్యంగా ఎక్కినా ఎదుటి ఫార్వర్డ్ ఆన్‌సైడ్ (పాస్ కొట్టే క్షణానికి డిఫెన్స్ లైను దాటి ముందున్నవాడు ఆఫ్‌సైడ్, దాటకపోతే ఆన్‌సైడ్), నేరుగా కీపర్ ముందుంటాడు. ఆ నలుగురు తసోత్తి, కోస్తకుర్త, బరేసి, మాల్దీని. ఎప్పుడు ఎక్కాలి, ఎప్పుడు దిగాలి అని తేల్చేది బరేసి.

ఆ మొదటి సీజన్‌లోనే 30 లీగ్ మ్యాచ్‌లలో మిలాన్‌కి పడ్డ గోల్స్ 14. తర్వాత ఫాబియో కపెల్లో హయాంలో 1991-92 లీగ్ మొత్తం ఓడకుండా గెలిచారు, ఆ వరస లీగ్‌లో 58 మ్యాచ్‌ల దాకా సాగింది. 1993-94లో 34 మ్యాచ్‌లలో వాళ్లు కొట్టింది 36 గోల్సే, అయినా ఛాంపియన్లు. ఎందుకంటే పడ్డవి 15.

అసలు విద్య ఇది: బంతి మీద ఒత్తిడి ఉందా లేదా చూడటం. బంతి ఉన్న ఎదుటి ఆటగాడు వీపు మనవైపు పెట్టాడా, తల దించుకుని ఉన్నాడా, మనవాడొకడు మీద పడ్డాడా, అయితే దూరం పాస్ రాదు, లైను ఎక్కాలి. వాడు తలెత్తి ఉన్నాడు, ముందు ఎవరూ లేరు, కాలు వెనక్కి ఎత్తుతున్నాడు, అయితే ఎక్కకూడదు, తన్నకముందే రెండడుగులు దిగాలి. ఇంతే. చెప్పడానికి ఇంతే, గానీ తొంభై నిమిషాలూ ప్రతి రెండు మూడు సెకన్లకీ ఈ లెక్క కొత్తగా వేసుకోవాలి. బరేసి ఎదుటివాడి కాలు బంతికి తగలకముందే కదిలేవాడు. అందుకే గాల్లో పొడుగువాడితో పోటీపడే అవసరం చాలాసార్లు రానే రాలేదు. బంతి ఫార్వర్డ్ తలదాకా వచ్చేలోపే అతని ముందుకి వచ్చి తీసుకునేవాడు. ఎగరాల్సి వస్తే ఎగిరేవాడు కూడా, ఆ ఎగురు ఎత్తుకి మించినది.

నా దగ్గర ఇద్దరు పిల్లల సంగతి చెబుతాను. ఒకడు పద్నాలుగేళ్లకే ఆరడుగులు. ఎవరి తలమీది బంతినైనా కొట్టేసేవాడు, అందుకని నిలబడే చోటు గురించి ఎప్పుడూ ఆలోచించాల్సిన పనే పడలేదు. పదిహేడు వచ్చేసరికి మిగతావాళ్లు ఎత్తులో అందుకున్నారు. అప్పుడు మొదటిసారి బంతి వాడి వెనక పడటం మొదలైంది, నేర్చుకునే వయసు దాదాపు దాటిపోయింది. రెండోవాడు మీ అబ్బాయిలాంటివాడే. చిన్నప్పటి నుంచీ పొట్టి, కాబట్టి బతకాలంటే ముందే చూడాలి, ముందే చూశాడు. వాడు స్టాపర్‌గా నిలబడలేదు, నిజం చెప్పాలి. పదహారేళ్లకి రైట్ బ్యాక్‌కి, అంటే డిఫెన్స్‌లో కుడి పక్కకి, మారి, అక్కడ బాగా ఆడుతున్నాడు. అయితే ఆ రైట్ బ్యాక్ ఆట మొత్తం స్టాపర్‌గా నేర్చుకున్న చూపు మీద నడుస్తోంది.

అందుకే వింగ్ అన్న మాటకే నా అభ్యంతరం. మార్చాల్సే వస్తే సైడ్ బ్యాక్, లేదంటే డిఫెన్స్ ముందుండే మిడ్‌ఫీల్డర్. ఆట ముందే చదివే పిల్లవాణ్ణి తీసుకెళ్లి టచ్‌లైన్ పక్కన, ఆటకి వీపు తిప్పి నిలబెడితే వాడి దగ్గరున్న సరుకంతా వృథా. బరేసిని కూడా అప్పటి ఇటలీ కోచ్ బెయర్‌జోత్ మిడ్‌ఫీల్డర్‌గానే చూశాడు, 1986 ప్రపంచ కప్‌కి తీసుకెళ్లనే లేదు. అన్న జుసెప్పె మాత్రం వెళ్లాడు.

ఇక కెప్టెన్సీ.

మన దగ్గర కెప్టెన్ అంటే అరిచేవాడు, రిఫరీ మీదికి వెళ్లేవాడు అని ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఫుట్‌బాల్ నియమాల పుస్తకంలో కెప్టెన్‌కి ప్రత్యేక హోదా ఏదీ లేదు, జట్టు ప్రవర్తనకి కొంత బాధ్యత ఉంటుందని మాత్రమే ఉంది. టాస్‌కి వెళ్లాలి. ఈమధ్య, 2024 యూరో (యూరప్ దేశాల కప్) నుంచి గట్టిగా, రిఫరీతో మాట్లాడాలంటే కెప్టెన్ ఒక్కడే రావాలి, మిగతావాళ్లు వస్తే ఎల్లో కార్డ్ అన్న పద్ధతి వచ్చింది. అంటే ఇకమీదట రిఫరీ దగ్గరికి నెమ్మదైనవాడు వెళ్తేనే జట్టుకి లాభం.

బరేసి మితభాషి. ఇంటర్వ్యూల్లో రెండు మాటలంటే ఎక్కువ. గ్రౌండ్‌లో అతని గుర్తు ఒక చెయ్యి పైకెత్తి ఆఫ్‌సైడ్ అడగటం. డిఫెండర్‌కి కెప్టెన్సీ ఎందుకు నప్పుతుందంటే, మైదానం మొత్తం కళ్లముందు ఉండేది కీపర్‌కీ స్టాపర్‌కే. ఫార్వర్డ్ కెప్టెన్‌కి వెనక ఏం జరుగుతోందో కనబడదు. స్టాపర్‌కి ఉపన్యాసం అక్కర్లేదు. మన గ్రౌండ్‌లలో వాడే మాటలు నాలుగు: "అప్", "డ్రాప్", "మ్యాన్ ఆన్", "టైమ్". అంటే లైను ఎక్కండి, దిగండి, నీ మీదికి ఒకడు వస్తున్నాడు, తొందర లేదు అని. ఈ నాలుగూ సమయానికి, వినబడేట్టు అంటే చాలు. మీవాడు ఈ నాలుగు మాటలూ అనడం లేదంటే అది మాత్రం సరిచేయాలి, సిగ్గు అని వదిలేయకూడదు. దానికి నేను చేయించేది చెబుతాను: ప్రాక్టీస్‌లో ఎదుటివాడు పాస్ కొట్టకముందే "అప్" అనో "డ్రాప్" అనో స్టాపర్ పైకి అనాలి. తప్పు చెప్పినా ఫరవాలేదు, పాస్ అయ్యాక చెబితే మాత్రం లెక్కలోకి రాదు. కొన్ని వారాల్లో గొంతు దానంతటదే వస్తుంది. ఏం చెప్పాలో తెలిసిన పిల్లవాడికి చెప్పడానికి మొహమాటం ఉండదు.

బరేసి కెప్టెన్సీకి నా దృష్టిలో అన్నిటికంటే గట్టి రుజువు అతను ఆడని మ్యాచ్. 1994 మే 18, ఏథెన్స్‌లో యూరోపియన్ కప్ ఫైనల్, ఎదుట క్రైఫ్ శిక్షణలోని బార్సిలోనా, ఫార్వర్డ్‌లో రొమారియో, స్తోయిచ్‌కోవ్. బరేసి, కోస్తకుర్త ఇద్దరూ సస్పెన్షన్‌లో. మిలాన్ పని అయిపోయిందని దాదాపు అందరూ అనుకున్నారు. మాల్దీని ఎడమ పక్క నుంచి మధ్యకి వచ్చాడు, పక్కన ఫిలిప్పో గల్లీ. మిలాన్ 4-0తో గెలిచింది. లైను ఎప్పటిలాగే ఎక్కింది, ఎప్పటిలాగే దిగింది. కెప్టెన్ లేనప్పుడు కూలిపోయే డిఫెన్స్‌కి కెప్టెన్ ఏదో నేర్పాడని అనలేం. ఇక్కడ ఏళ్ల తరబడి పక్కన నిలబడి ఆడినవాళ్లకి ఆ లెక్క ఒంట్లోకి ఎక్కిపోయింది. 1997 తర్వాత ఆ పట్టీ మాల్దీనికే వెళ్లింది, 2007లో దాదాపు ముప్పై తొమ్మిదేళ్ల వయసులో అతను యూరోపియన్ కప్ ఎత్తాడు.

అదే 1994లో మిగతా సగం కథ ఉంది. ఆ వేసవి అమెరికాలో ప్రపంచ కప్. బరేసికి ముప్పై నాలుగేళ్లు, ఇటలీకి కెప్టెన్. జూన్ 23న నార్వేతో మ్యాచ్‌లో మోకాలి మెనిస్కస్ (కీలు మధ్య ఉండే మెత్తటి పొర) దెబ్బతింది. అక్కడే ఆపరేషన్ చేశారు. జూలై 17న పాసడీనాలో ఫైనల్, బ్రెజిల్ మీద. 24 రోజుల తేడా. మళ్లీ కోస్తకుర్త సస్పెన్షన్‌లో ఉన్నాడు కాబట్టి మధ్యలో బరేసి, మాల్దీని. మండే మధ్యాహ్నపు ఎండలో, ఎక్స్‌ట్రా టైమ్‌తో కలిపి 120 నిమిషాలు రొమారియోకి, బెబెతోకి గోల్ రానివ్వలేదు. తర్వాత పెనాల్టీల్లో మొదటి కిక్ తనే తీసుకున్నాడు. బార్ మీదుగా పోయింది. మసారోది కీపర్ ఆపాడు, చివరికి ఇటలీ ఫార్వర్డ్ బాజ్జోది కూడా బార్ మీదుగానే, కప్పు బ్రెజిల్‌కి పోయింది. జనానికి బాజ్జో ఫొటోయే గుర్తుంది. డిఫెండర్ల విషయంలో అంతే, పెనాల్టీ పోగొట్టిన అపఖ్యాతి కూడా ఫార్వర్డ్‌కే దక్కుతుంది.

దయచేసి ఆ 24 రోజుల్ని మీవాడికి ఆదర్శంగా చెప్పొద్దు. అది కెరీర్ చివర్లో ఉన్న మనిషి, చుట్టూ డాక్టర్లు, ఎదుట ప్రపంచ కప్ ఫైనల్. పదమూడేళ్ల పిల్లవాడి మోకాలు వాస్తే స్కూలు ఫైనల్ అయినా సరే ఆడించకండి.

ఇంకొన్ని తేడాలు కూడా గమనించాలి. బరేసి కాలపు ఆట ఇప్పుడు లేదు. 1990కి ముందు ఫార్వర్డ్ డిఫెండర్‌తో సమానంగా ఉన్నా ఆఫ్‌సైడే, ఆ తర్వాత సమానంగా ఉంటే ఆన్‌సైడ్. ఆఫ్‌సైడ్‌లో ఉన్నవాడు ఆటలో జోక్యం చేసుకోకపోతే ఇప్పుడు రిఫరీ ఆపడు, కాబట్టి చెయ్యెత్తి నిలబడిపోయిన స్టాపర్ పక్కనుంచి ఇంకొకడు పరిగెత్తి గోల్ కొట్టేస్తాడు. మా పిల్లలకి నేను పెట్టిన నియమం: చెయ్యెత్తొచ్చు, కాళ్లు ఆగకూడదు. 1992 నుంచి తన జట్టువాడు కాలితో ఇచ్చిన బ్యాక్‌పాస్‌ని కీపర్ చేత్తో పట్టకూడదు. అంటే స్టాపర్‌కి రెండు కాళ్లతో పాస్ రావాలి, మీద పడ్డవాణ్ణి తప్పించుకోవాలి. ఈ మార్పు పొట్టివాళ్లకి మేలే చేసింది. ఫాబియో కన్నవారో కూడా 176 సెంటీమీటర్లే, 2006లో ఇటలీకి కెప్టెన్‌గా ప్రపంచ కప్ గెలిచి, ఆ ఏడాది బాలన్ డోర్ (ఉత్తమ ఆటగాడి బహుమతి) కూడా తీసుకున్నాడు. 2022లో కప్పు గెలిచిన అర్జెంటీనా జట్టులో లిసాంద్రో మార్టినెజ్ 175. అయితే వీళ్లు వేళ్లమీద లెక్కపెట్టే మందే. ట్రయల్స్‌లో ముందు టేపు పెట్టి కొలిచి, తర్వాత ఆట చూసే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. మీవాడికి అలాంటి రోజు ఎదురుకావచ్చు.

మన ఊరి సంగతి కూడా మీవాడికి చెప్పండి. హైదరాబాద్ నుంచి వెళ్లిన సయ్యద్ నయీముద్దీన్ డిఫెండరే. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో భారత జట్టుకి కెప్టెన్, ఆ జట్టు కాంస్యం తెచ్చింది. పురుషుల ఫుట్‌బాల్‌లో ఆ గేమ్స్ నుంచి మనకి ఇంకో పతకం రాలేదు. ఇక్కడి గ్రౌండ్‌ల నుంచి డిఫెండర్ కెప్టెన్లు వచ్చారని పిల్లలకి తెలియదు, వాళ్లకి తెలిసినవన్నీ ఫార్వర్డ్‌ల పేర్లే.

కోచ్ గారితో ఎలా మాట్లాడాలని కూడా అడిగారు. గొడవ వద్దు. "ఎందుకు వింగ్?" అని అడగకుండా, "వీడు ఎక్కడ నిలబడుతున్నాడు, ఎప్పుడు కదులుతున్నాడు, ఈ రెండిట్లో ఎలా ఉన్నాడు?" అని అడగండి. ఆయన దానికి వివరంగా జవాబు చెబితే పిల్లవాణ్ణి గమనించారన్నమాట, అప్పుడు ఆయన నిర్ణయానికి విలువివ్వండి, ఒక సీజన్ ఆడించి చూడండి. మళ్లీ ఎత్తు మాటే వస్తే, స్కూలు జట్టులో స్టాపర్‌గా కొనసాగుతూ అకాడమీలో ఆయన చెప్పినచోట ఆడొచ్చు. ఈ వయసులో రెండు చోట్ల ఆడితే నష్టం లేదు.

చివరగా మీరడిగిన బార్‌కి వేలాడటం, ఎత్తు పెంచే పొడులు: ఎముకలు పెరిగేది వాటితో కాదు, డబ్బు దండగ. కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర చూసుకోండి. హెడింగ్ (తలతో బంతి కొట్టడం) రోజూ వంద కొట్టిస్తున్నామన్నారు, అది వెంటనే ఆపేయండి. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య పదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలకి హెడింగ్ పూర్తిగా వద్దంది, పదకొండు నుంచి పదమూడు దాకా ప్రాక్టీస్‌లో పరిమితంగానే అంది. మా దగ్గర ఆ వయసు పిల్లలకి వారానికి ఒక్కసారి, మెత్తటి బంతితో, చేత్తో విసిరినవే కొట్టిస్తాం. ఎగిరే సమయం, నుదుటితో కొట్టడం, కళ్లు మూయకపోవడం, ఈ మూడూ నేర్చుకోవడానికి అది సరిపోతుంది.